స్పోర్ట్స్ కారు కింద దూరి చూడాల్సినవి: మౌంటింగులు, బోల్టులు, మన ఉప్పుగాలి

సంక్రాంతికి మా బావమరిది హైదరాబాదు నుంచి తన రెండు డోర్ల కారు వేసుకొచ్చాడు. ముందు ఇంజన్, వెనక చక్రాలకు పవరు. రావులపాలెం దగ్గర హైవే దిగి మా కోనసీమ కాలువ గట్టు రోడ్డు ఎక్కిన దగ్గర్నుంచి, యాక్సిలరేటర్ మీద కాలు తీసి మళ్లీ వేసినప్పుడల్లా వెనక 'టక్'మంటోందట. దారిలో ఒకచోట చూపిస్తే డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు పవరు పంచే గేర్ల పెట్టె) లోపలి క్రౌన్ పినియన్ గేర్లు పోయాయి, పెట్టె మొత్తం దింపాలి అన్నారట. మనిషికి పండగ లేదు, ఒకటే టెన్షన్. భోగి నాడు మా షెడ్డులో కారెత్తి చూశాం. డిఫరెన్షియల్‌కి ఏమీ కాలేదు. దాన్ని పట్టుకుని ఉండే బోల్టుల్లో ఒకదాని వాషర్ చుట్టూ కుంకుమ రాసినట్టు ఎర్రపొడి ఉంది. ఆ బోల్టు చేత్తో కదల్లేదు కానీ పానా పెడితే అర చుట్టు తిరిగింది. అంతే సంగతి. కొత్త బోల్టు వేశాం, కనుమ నాడు ప్రభలు చూడ్డానికి జగ్గన్నతోట ఆ కారులోనే బయల్దేరాం. జనం చూసి రెండు కిలోమీటర్ల ముందే ఆపేసి నడిచామనుకోండి, అది వేరే కథ.

ఆ ఎర్రపొడి మాకు కనపడింది, ముందు చూసినవాళ్లకు కనపడలేదు. కారణం చిన్నది. బోల్టు కనపడగానే పానా వేసి ఓ పట్టు పట్టడం మన చేతులకు అలవాటు. బిగించేస్తే సాక్ష్యం పోతుంది. ఏది వదులైందో, ఎందుకు వదులైందో ఇక తెలీదు. అందుకే ఇక్కడ రాసేదంతా ముందు చూడటం గురించి, ఆ తర్వాతే బిగించడం గురించి.

మన రోడ్డు కారుకి ఏం చేస్తుందంటే

డెల్టా నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద వేసిన గట్టు రోడ్డు కొన్నాళ్లకే అలలు తేలుతుంది. మామూలు కారు ఆ అలల మీద ఊగుకుంటూ పోతుంది. గట్టి స్ప్రింగులున్న స్పోర్ట్స్ కారు ఊగదు. ఆ దెబ్బలు బాడీకి, అక్కడి నుంచి ఇంజన్నీ గేర్‌బాక్సునీ మోసే రబ్బర్లకీ, అంటే మౌంటింగులకీ చేరతాయి. పైగా ఊరి మొదట్లో ఒక స్పీడ్ బ్రేకరు, గుడి దగ్గర ఒకటి, బడి దగ్గర రెండు. కారు పొట్ట వాటికి రాసుకుంటే ముందు దెబ్బ తినేది గేర్‌బాక్సు కింద అడ్డంగా ఉండే క్రాస్‌మెంబరే.

ఉప్పు సంగతి అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్లకే అనుకోకండి. చేపలు, రొయ్యల లారీలు దారి పొడవునా నీళ్లు కార్చుకుంటూ పోతాయి. ఆ తడిలో నడిపిన కారు మర్నాటికి ఆరిపోతుంది, ఉప్పు మాత్రం బోల్టు తల కింద కూర్చుంటుంది.

ఇక గడ్డి. కోతల రోజుల్లో రోడ్డు మీద పరిచిన వరిగడ్డి తొక్కుకుంటూ పోతే అది ప్రొపెల్లర్ షాఫ్టుకి (గేర్‌బాక్సు నుంచి డిఫరెన్షియల్‌కి పవరు మోసే పొడవాటి గొట్టం) తాడులా చుట్టుకుంటుంది, సైలెన్సర్ గొట్టం మీద పేరుకుంటుంది. వేడికి అంటుకుంటుంది కూడా. గడ్డి తొక్కిన రోజు ఇంటికి రాగానే ఆగి, వంగి, కిందకు ఒక్కసారి చూడండి. మిగతా పనులన్నీ తర్వాత చేసుకోవచ్చు.

ముందు చెవితో విడదీయండి

కారెత్తక ముందు నడిపి వినాలి. కాలు తీసి వేసినప్పుడు ఒక్క 'టక్' వస్తే డిఫరెన్షియల్ మౌంటింగులు, షాఫ్టు కప్లింగు, వెనక సబ్‌ఫ్రేము (డిఫరెన్షియల్‌ని మోసే చట్రం) అనుమానించాలి. ఆగి ఉన్నప్పుడు స్టీరింగు వణికి, గేరులో వేయగానే ఆ వణుకు పెరిగితే ఇంజన్ మౌంటింగు. గేరు లివరు కాలు వేసినప్పుడు ఒక వైపు, తీసినప్పుడు ఇంకో వైపు జరుగుతుంటే ఇంజన్, గేర్‌బాక్సు మౌంటింగులు రెండూ చూడాలి.

ఒక వేగం దగ్గరే వణుకు వస్తే ఖాళీ రోడ్డు మీద అదే వేగంలో క్లచ్ తొక్కి చూడండి. ఇంజన్ రౌండ్లు పడిపోయినా వణుకు అలాగే ఉంటే అది షాఫ్టుదో, చక్రాలదో. వణుకు పోతే ఇంజన్ వైపు వెతకండి. మాన్యువల్ గేర్లున్న కారుకే ఈ పరీక్ష. ఇంకోటి, సన్నగా రేకు మోత వినపడితే కంగారు పడకండి. సైలెన్సర్ మీది వేడి కాపే రేకు స్క్రూ ఊడి ఉంటుంది. ఆ రేకు మోతకు గేర్‌బాక్సు దింపించుకున్నవాళ్లని చూశాను.

కారెత్తడం

ఇందులో మొహమాటం లేదు. జాకీ కారెత్తడానికే, మనిషి దూరడానికి కాదు. నాలుగు స్టాండ్లు, గట్టి గచ్చు ఉండాలి. మన పెరటి నేల చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, వాన పడిన వారం దాకా లోపల మెత్తగానే ఉంటుంది, స్టాండు కాలు నెమ్మదిగా దిగిపోతుంది. కొబ్బరి దుంగలు, ఇటుకలు పెట్టి దాని కింద పడుకోవద్దు. ఇటుక పగిలేముందు చెప్పదు. గచ్చు లేకపోతే ఈ పని ఇంట్లో పెట్టుకోకండి, లిఫ్టు ఉన్న చోటికి తీసుకెళ్లండి.

స్పోర్ట్స్ కారు కిందకు మామూలు ట్రాలీ జాకీ దూరదు. అందుకని ముందు చక్రాలను రెండంగుళాల టేకు పలకల మీదకు ఎక్కించి, అప్పుడు జాకీ పెట్టాలి. జాకీ ఎక్కడ పెట్టాలో మాన్యువల్లో బొమ్మ ఉంటుంది. అల్యూమినియం డిఫరెన్షియల్ పొట్ట కింద పెట్టకండి. స్టాండ్ల మీద దింపాక కారుని భుజంతో గట్టిగా నెట్టి చూసి, అప్పుడు దూరండి.

ఇంజన్ చల్లారాలి. ముందు రోజే మంచినీళ్లతో కింద కడిగించి ఆరనివ్వండి. నీటి ప్రెషరు బేరింగుల మీదకు, జాయింట్లకు తొడిగిన రబ్బరు బూట్ల మీదకు సూటిగా కొట్టకూడదు. సబ్బు నురగ, డీజిల్ వాష్ వద్దు. డీజిల్ రబ్బరుని ఉబ్బిస్తుంది, ఆ తర్వాత ఏ రబ్బరు మంచిదో ఏది పోయిందో చెప్పలేం.

కింద ప్లాస్టిక్ పళ్లెం ఉంటే విప్పాలి. టాపు తెరుచుకునే కార్లలో కొన్నిటికి అల్యూమినియం పలకలు, కడ్డీలు ఉంటాయి. అవి మూతలు కావు, బాడీ గట్టిదనంలో భాగం. విప్పిన వాటిని లెక్కపెట్టి, తిరిగి వేసేటప్పుడు వాటికీ టార్క్ ఇవ్వాలి, అంటే మాన్యువల్లో చెప్పిన బలంతోనే బిగించాలి.

ఇంజన్ మౌంటింగులు

ఈ ఒక్క పరీక్ష కారు స్టాండ్ల మీద కాదు, చక్రాలు నేల మీద ఉండగానే చేయాలి. బానెట్ ఎత్తి, ఒకరిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టండి. బ్రేకు గట్టిగా తొక్కించి, ఆటోమేటిక్ అయితే డ్రైవ్‌లో, తర్వాత రివర్సులో, కొంచెం రౌండు ఇమ్మనండి. రెండు మూడు సెకన్లు చాలు, ఎక్కువసేపు పెడితే గేర్‌బాక్సు ఆయిలు వేడెక్కుతుంది. మీరు కారు ముందు నిలబడొద్దు, పక్కన నిలబడి చూడండి. ఇంజన్ కాస్త వాలి వెనక్కి రావడం సహజం. అంగుళం దాటి లేచినా, తిరిగి వచ్చేటప్పుడు దభీమని కూర్చున్నా మౌంటింగు పోయినట్టే. ఈ అంగుళం నా కంటి లెక్క, కంపెనీ లెక్క కాదు.

తర్వాత ఇంజన్ ఆపి, టార్చి వేసి రబ్బరు చూడండి. పైపైన సన్నటి గీతలు వయసు వల్ల వచ్చేవి, వాటితో భయం లేదు. రబ్బరు ఇనుము నుంచి ఊడిన చోట నల్లటి సందు కనిపిస్తుంది, అందులోకి గోరు దూరుతుంది. అలాంటిది మార్చాల్సిందే. లోపల ద్రవం నింపిన హైడ్రాలిక్ మౌంటింగు అయితే చుట్టూ జిడ్డు మరక చూడండి. దాన్ని ఇంజన్ ఆయిల్ లీకు అనుకుని తుడిచేస్తుంటారు. పోర్షేలో స్పోర్ట్ క్రోనో ప్యాకేజీ ఉన్న కొన్ని కార్లకు అయస్కాంత రేణువులు కలిపిన ద్రవంతో పనిచేసే మౌంటింగులుంటాయి. కరెంటు ఇస్తే ఆ ద్రవం గట్టిపడుతుంది. వాటికి వైరు ఉంటుంది కాబట్టి విప్పేముందు చూసుకోండి.

ఒక మౌంటింగు పోతే పక్కది కూడా మార్చేయడమే మేలు. కుంగిన పాతదాని పక్కన కొత్తది పెడితే ఇంజన్ ఒక పక్కకు వాలి, ఆ బరువంతా కొత్తదాని మీదే పడుతుంది. మెత్తటి రబ్బరు బుష్షుల (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు గొట్టాలు) బదులు రేసు కార్లకు వాడే గట్టి పాలీయురెథేన్‌వి వేయమని చాలామంది అడుగుతారు. ట్రాకు మీద బాగుంటాయి. మన రోడ్ల మీద అద్దం, డాష్‌బోర్డు, పళ్లు మూడూ కదులుతాయి.

గేర్‌బాక్సు, బెల్ హౌసింగ్

గేర్‌బాక్సు వెనక చివర మౌంటింగు, దాన్ని మోసే క్రాస్‌మెంబరు చూడండి. లారీ టైరు లీవరు లాంటి కడ్డీతో మెల్లగా ఎత్తి చూస్తే రబ్బరు సాగాలి, ఊడి సందు ఇవ్వకూడదు. క్రాస్‌మెంబరు బాడీకి ఆనే చోట మెరిసే గీతలుంటే అది జరుగుతోందన్నమాట.

ఇంజన్నీ గేర్‌బాక్సునీ కలిపే బెల్ హౌసింగ్ బోల్టుల దగ్గరే ఎర్రపొడి ఎక్కువ దొరుకుతుంది. రెండు లోహాలు వెంట్రుకంత కదులుతూ రాసుకుంటే ఆ పొడి రాలుతుంది. మామూలు తుప్పు పొరలా అంటుకుని గరుకుగా ఉంటుంది. ఇది మాత్రం వేలికి మెత్తగా, కుంకుమలా అంటుతుంది. అల్యూమినియం మీదైతే బూడిద రంగులో, నల్లగా కూడా ఉంటుంది. ఆ పొడి ఉన్న చోట బోల్టు వదులై ఉంటుంది, లేదా లోపలి డోవెల్ పిన్ను (రెండు పెట్టెలూ సరిగ్గా కలిసేలా పట్టే మేకు) లేకుండా ఎవరో బిగించి ఉంటారు. రెండో సంగతికి గేర్‌బాక్సు వెనక్కి లాగక తప్పదు.

అన్ని కార్లూ ఒకలా ఉండవు. మాజ్దా ఎంఎక్స్-5లో గేర్‌బాక్సుకి విడిగా మౌంటింగే లేదు. గేర్‌బాక్సునీ డిఫరెన్షియల్‌నీ ఒక పొడవాటి ఫ్రేము కలుపుతుంది. దాని బోల్టులు వదులు చేస్తే గేర్‌బాక్సు కిందకు వాలుతుంది, తిరిగి ఎత్తేటప్పుడు కొలత పెట్టి సరిచేయాలి. నిస్సాన్ జీటీ-ఆర్‌లో గేర్‌బాక్సు వెనక ఉంటుంది. పోర్షే 911లో ఇంజనే వెనక. ఇంజన్ అడ్డంగా కూర్చుని, ముందు చక్రాలకు పవరు వెళ్లే కార్లలో కింద ఎముక ఆకారంలో ఒక చిన్న లింకు ఉంటుంది, దాని బుష్షు ముందు పోతుంది. మీ కారు ఏ రకమో తెలుసుకుని మొదలుపెట్టండి.

ప్రొపెల్లర్ షాఫ్టు

వెనక చక్రాల కారుకి అసలు పని ఇక్కడే. ముందుగా షాఫ్టు మీద చుట్టుకున్న గడ్డి, ప్లాస్టిక్ దారం కత్తిరించి తీసేయండి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, షాఫ్టు తిప్పుతూ చూడాలి. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే కాబట్టి అది కూడా తీసే ఉంటుంది, కారు స్టాండ్ల మీద నిలకడగా ఉందని మళ్లీ చూసుకోండి.

కొన్ని కార్లకు షాఫ్టు చివర గుండ్రటి రబ్బరు కప్లింగు ఉంటుంది. బోల్టు రంధ్రాల మధ్య రబ్బరు వంచి చూస్తే పగులు లోతు తెలుస్తుంది. లోపలి దారాలు బయటపడితే మార్చేయండి. దీని బోల్టులు బిగించేటప్పుడు ఒక పద్ధతుంది. రబ్బరు వైపు ఉన్న తలని కదలకుండా పట్టుకుని, ఇనప ఫ్లాంజి (బోల్టులు దిగే గుండ్రటి అంచు) వైపు ఉన్న నట్టునే తిప్పాలి. తల్లకిందులు చేస్తే కొత్త రబ్బరు మెలి తిరిగి నెలలోపే చిరుగుతుంది.

మధ్యలో సెంటర్ బేరింగు ఉంటే షాఫ్టుని పైకి కిందకు కదిపి, చుట్టూ రబ్బరు పొర చూడండి. కాస్త మెత్తగా కదలడం సహజం, గరగరమంటే బేరింగు పోయింది. రబ్బరు కప్లింగు బదులు యూజే క్రాస్ (కూడిక గుర్తు ఆకారపు ఇనప జాయింటు) అయితే రెండు పక్కలా పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పాలి. ఏ మాత్రం టకటకలాడినా మార్చాలి. విప్పాల్సి వస్తే ముందే రెండు ఫ్లాంజిల మీదుగా పెయింటు గీత గీయండి. గీత కలవకుండా తిరిగి బిగిస్తే బ్యాలెన్సు పోయి, లేని వణుకు వస్తుంది.

డిఫరెన్షియల్, యాక్సిల్ షాఫ్టులు

చేత్తో ప్రొపెల్లర్ షాఫ్టుని అటూ ఇటూ తిప్పండి. కొంత ఖాళీ గేరు పళ్లది, అది ఉండాలి. తిప్పినప్పుడు డిఫరెన్షియల్ పెట్టె మొత్తం తల ఊపితే తప్పు మౌంటింగుది. లోపల్నుంచి ఖణేల్‌మని, పెట్టె కదలకపోతే అప్పుడు క్రౌన్ పినియన్ గురించి ఆలోచించండి. బావమరిది కారుకి ఈ ఒక్క పరీక్ష ఎవరూ చేయలేదు.

డిఫరెన్షియల్ నుంచి చక్రానికి వెళ్లే యాక్సిల్ షాఫ్టు లోపలి చివర, వంగుతూ తిరిగే సీవీ జాయింటు చుట్టూ, చాలా కార్లకు ఆరు బోల్టులుంటాయి. ఎల్లెన్ కీ, లేదా నక్షత్రం ఆకారపు గుంట. ఆ గుంటలో మట్టి, గ్రీజు బిగుసుకుని ఉంటాయి. పిన్నీసుతో అడుగు దాకా తవ్వి, గుడ్డతో తుడిచి, సాకెట్టుని సుత్తితో ఒక తట్టు తట్టి కూర్చోబెట్టాకే తిప్పండి. గబుక్కున పెట్టి తిప్పితే గుంట అరిగిపోతుంది, ఆ బోల్టు తీయడానికి రోజంతా పడుతుంది.

చక్రం మధ్య ఉండే హబ్బు నట్టు జోలికి అవసరం లేకుండా పోకండి. దాని టార్క్ చాలా ఎక్కువ, చాలా కార్లకు ఒక్కసారి వాడి పారేసే నట్టు. అది వదులుగా ఉండగా కారుని చక్రాల మీద కదిలిస్తే బేరింగు పాడవుతుంది.

ఇప్పుడు పానా

నేను పని నేర్చుకునే రోజుల్లో గేర్‌బాక్సు మౌంటింగు బోల్టుకి పానా చాలదని పైపు తొడిగి లాగాను. మెత్తగా, వెన్నలోకి దిగినట్టు ఒక అర చుట్టు తిరిగింది. "బిగిసిందా?" అని మా గురువుగారు పైనుంచి అడిగితే "ఆయ్, బిగించేశానండి" అన్నాను. మర్నాడు బోల్టు చేతిలోకి వచ్చింది, దాని మరల్లో అల్యూమినియం తీగచుట్ట. కేసింగు మర లేచిపోయింది. ఆ రంధ్రం పెద్దది చేసి హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగచుట్ట) వేసి కారు బయటికి పంపేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ మెత్తదనం చేతికి తగిలితే అక్కడే ఆపేయాలి.

బోల్టు నిజానికి ఒక గట్టి స్ప్రింగు. బిగిస్తే సాగుతుంది, ఆ సాగుడే పట్టు. మనం పానాతో ఇచ్చే బలంలో సుమారు 10 శాతమే సాగదీయడానికి పోతుంది, మిగతాది తల కింద, మరల్లో రాపిడికి ఖర్చవుతుంది. అందుకే మరకి గ్రీజు పూస్తే అదే టార్క్‌కి బోల్టు ఎక్కువ సాగి తెగొచ్చు. తుప్పు ఉంటే టార్క్ రించి (పెట్టిన టార్క్ అందగానే క్లిక్‌మనే పానా) 'క్లిక్'మన్నా పట్టు ఉండదు. మాన్యువల్ పూయమంటే తప్ప ఏదీ పూయొద్దు. వైరు బ్రష్షుతో శుభ్రం చేసి పొడిగా బిగించండి.

ఒక అంచనాకి, ఇనుములోకి పొడిగా దిగే 8.8 గ్రేడు (తల మీద ఉండే బలం అంకె) బోల్టుకి ఎం8, అంటే 8 మిల్లీమీటర్ల మర అయితే సుమారు 25, ఎం10కి 50, ఎం12కి 85 న్యూటన్ మీటర్లు. అల్యూమినియంలోకైతే కంపెనీ తగ్గించి ఇస్తుంది. మీ కారు మాన్యువల్లోని అంకె ముందు ఈ అంకెలు చెల్లవు. యూనిటు కూడా చూడండి. అమెరికా కార్ల పుస్తకాల్లో పౌండు-అడుగులు ఉంటాయి. 80 పౌండు-అడుగులంటే 108 న్యూటన్ మీటర్లు. మన పాత మెకానిక్కులు చెప్పే ఒక కేజీ-మీటరు సుమారు 9.8 న్యూటన్ మీటర్లు.

'50 న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు' అని రాసి ఉంటే ఆ బోల్టుని కోణంతో బిగించాలన్నమాట. అలాంటివి చాలావరకు ఒక్కసారికే పనికొస్తాయి. వాటిని 'చెక్ చేద్దాం' అని మళ్లీ తిప్పకండి. బిగించినప్పుడు తల మీద గీసిన పెయింటు గీత (దాని సంగతి చివర్లో చెప్తాను) చూసి వదిలేయండి. వదులైతే కొత్తది వేయండి.

మిగతా బోల్టులకి రించిని చెప్పిన టార్క్‌కి పెట్టి, బిగింపు వైపు నెమ్మదిగా ఒక్కసారి లాగండి. కదలకుండా క్లిక్‌మంటే బాగున్నట్టే. రెండోసారి క్లిక్ అనిపించకండి, ఆ రెండో క్లిక్ అదనపు బిగింపు. తిరిగి ఆ తర్వాత క్లిక్‌మంటే ఊరుకోవద్దు. ఎందుకు వదులైందో చూడాలి. పూర్తిగా విప్పి, మర, వాషరు, కూర్చునే చోటు పరీక్షించండి. ఎక్కువ బోల్టులున్న చోట ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. పని అయ్యాక రించిని కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టెలో పెట్టండి, దాంతో బోల్టులు విప్పకండి.

రబ్బరు బుష్షు మధ్యగా పోయే బోల్టులకి ఒక మినహాయింపు ఉంది. కారు గాల్లో వేలాడుతుండగా సస్పెన్షన్ బోల్టు బిగిస్తే రబ్బరు ఆ వంకరలోనే బిగుసుకుంటుంది, కిందకు దించాక రోజంతా మెలి తిరిగి ఉండి చిరుగుతుంది. చేత్తో వేసి, బరువు చక్రాల మీద పడ్డాక చివరి టార్క్ ఇవ్వండి. ఇంజన్ మౌంటింగులకీ అంతే. ఇంజన్ బరువు వాటి మీద కూర్చున్నాక, రెండు మూడుసార్లు ఊపి, అప్పుడు బిగించాలి.

తుప్పు పట్టిన బోల్టు మార్చేటప్పుడు

మన దగ్గర ఆక్వా సామాన్ల కొట్లలో మెరిసే స్టెయిన్‌లెస్ బోల్టులు చవగ్గా దొరుకుతాయి. తుప్పు పట్టవు కదా అని కారుకి వేసేస్తారు. వేయొద్దు. ఎ2-70 అని ముద్ర ఉన్న స్టెయిన్‌లెస్ బోల్టు చదరపు మిల్లీమీటరుకి 450 న్యూటన్ల దగ్గర సాగిపోవడం మొదలెడుతుంది, 8.8 ఉక్కు బోల్టు 640 దాకా తట్టుకుంటుంది. పైగా ఉప్పు తడిలో స్టెయిన్‌లెస్సు, అల్యూమినియం తగిలి ఉంటే అల్యూమినియమే తినేయబడుతుంది. పాత బోల్టు తల మీద ఏ అంకె ఉందో, మర పిచ్ (మరల మధ్య దూరం) ఎంతో, పొడవెంతో చూసి కంపెనీదే తెప్పించండి. 10.9 ఉన్న చోట 8.8 పెట్టకండి.

లోపల ప్లాస్టిక్ రింగున్న నైలాక్ నట్టు విప్పితే కొత్తది వేయాలి. సైలెన్సర్ పక్కన అది అసలు వద్దు, వేడికి ఆ ప్లాస్టిక్ పట్టు పోతుంది. లోక్టైట్ (మర వదులవకుండా పూసే జిగురు) చెప్పిన చోటే, చెప్పిన రంగే. నీలం రంగుది పానాతో వదులుతుంది. ఎరుపుది సాధారణంగా వేడి చేస్తే గానీ రాదు, ఆ వేడికి పక్కన రబ్బరు కాలుతుంది.

గీత, పుస్తకం

టార్క్ ఇచ్చిన ప్రతి బోల్టు తల మీద నుంచి పక్క లోహం మీదకు తెల్ల పెయింటు మార్కరుతో సన్నటి గీత గీయండి. ఆ తర్వాత ఎప్పుడు వంగి చూసినా, పానా లేకుండానే, గీత విరిగిందో లేదో కనపడుతుంది. నోటుబుక్కులో తేదీ, కిలోమీటర్లు, ఏ బోల్టు ఎంత టార్క్, ఏది మార్చారో రాసుకోండి. రెండు వాక్యాలు చాలు.

మౌంటింగు మార్చిన కారుని 1000 కిలోమీటర్లయ్యాక ఒకసారి ఎత్తి గీతలు చూస్తాను. మామూలుగా ఏడాదికి రెండుసార్లు, వానలు వెళ్లాక ఒకటి, దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక ఒకటి. సముద్రం వైపు వెళ్లొచ్చిన రోజు సాయంత్రం కింద మంచినీళ్లు కొట్టడం లెక్కలోకి రాదు, అది ఎప్పుడూ ఉండేదే. మొన్న బావమరిది ఫోను చేసి, కారు పైకెత్తి తీసిన ఫోటో పంపాడు. డిఫరెన్షియల్ బోల్టు మీద నేను గీసిన గీత కాస్త మురికి పట్టింది, విరగలేదు. పక్క బోల్టు మీద గీత లేదేంటి బావా అని అడిగాడు. నిజమే, భోగి నాడు పిండివంటల వాసనకి ఒకటి మర్చిపోయాను. దాన్ని టార్క్ పెట్టి చూసి, గీత గీసి, మళ్లీ ఫోటో పంపమన్నాను.